డెంగీ మన నెల్లూరు, ప్రకాశంలో నిజంగా పెరుగుతా ఉందా, లెక్కే మారిందా?

మూలాపేట పిలకాయ | 2024 నవంబరు 8, శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మా వీధిలో ఇది మూడో ఇల్లు. మొదట మూలమీద టైలరన్న కూతురు, తర్వాత ఎదురింటావిడ, ఇప్పుడు మా అక్క కొడుకు. వాడికి పదకొండేళ్ళు. సోమవారం సాయంత్రం ట్యూషన్ నుంచి వచ్చి "మామా, కళ్ళెనకాల నొప్పిగా ఉండాది" అన్నాడు. కడుపునొప్పి అంటే బడి ఎగ్గొట్టేదానికి అనుకోవచ్చు. కళ్ళెనకాల నొప్పి అని ఏ పిల్లోడూ కల్పించి చెప్పడు. రాత్రికి ఒళ్ళు కాలిపోయింది. బుధవారం రక్తం ఇస్తే డెంగీ పట్టే ఎన్‌ఎస్‌1 పరీక్ష పాజిటివ్. ఈ పొద్దు తెల్లారేసరికి జరం దిగిపోయింది, టీవీ ముందు కూర్చోనుండాడు. మా అక్క రంగనాయకులస్వామికి కొబ్బరికాయ మొక్కు కూడా చెల్లించేసింది.

నా డౌట్లు రెండు. నెల్లూరంటే దోమలని చిన్నప్పట్నుంచీ వింటానే ఉండాం. బయటూరి చుట్టాలు మనింటికొస్తే ముందు దోమతెర ఉందా అని అడుగుతారు. కానీ మా చిన్నప్పుడు డెంగీ అనే మాటే లేదు. ఇప్పుడు ఏటా వస్తా ఉంది. నిజంగా పెరిగిందా, టెస్టులు ఎక్కువయ్యి కనపడతా ఉందా? రెండోది, హైదరాబాదులో ఉండే మా ఫ్రెండు వాళ్ళకి ఆగస్టు, సెప్టెంబర్లో వచ్చి పొయ్యింది. మనకి దీపావళి అయినాక మొదలైంది. ఎందుకబ్బా?

ఒంగోలు లెక్కల మాస్టారు | నవంబరు 8, రాత్రి 10:25

బాబూ, రెండూ నిజమే. పెరిగిందీ నిజమే, లెక్క మారిందీ నిజమే. ఏది ఎంత అనేది తేల్చటమే కష్టం.

దేశం మొత్తం మీద సర్కారు లెక్కలు చూడు. 2010లో 28 వేల పైచిలుకు. 2015లో 99,913. 2017లో 1,88,401. 2019లో 2,05,243. 2020లో ఒక్కసారిగా 44,585కి పడిపోయింది. 2021లో మళ్ళీ 1,93,245, ఆ మరుసటేడు 2,33,251, 2023లో 2,89,235. మన రాష్ట్రమూ అదే దారి: 2019లో 5,286, 2020లో 925, 2021లో 4,760, 2022లో 6,391.

ఆ 2020 గుంటని చూసి లాక్‌డౌన్ వల్ల డెంగీ తగ్గిందని మా అల్లుడు వాదిస్తాడు. దోమలేమన్నా లాక్‌డౌన్ పాటించాయా? జ్వరం వచ్చినోడు ఆస్పత్రికి పోతే కరోనా అని పట్టుకుపోతారని భయపడి ఇంట్లో పడుకున్నాడు. ల్యాబుల్లో మనుషులంతా కరోనా శాంపిళ్ళ మీదే ఉన్నారు. ఆ 925 అనేది దోమల లెక్క కాదు, ఆస్పత్రి గుమ్మం తొక్కిన వాళ్ళ లెక్క.

పైగా దేశంలో డెంగీ పరీక్షకి సర్కారు ఎంచుకున్న సెంటినల్ ఆస్పత్రులు 2007లో 110 ఉంటే ఇప్పుడు ఎనిమిది వందలు దాటాయి. వల పెద్దదైతే చేపలు ఎక్కువే పడతాయి. అట్లని చెరువులో చేపలు పెరగలేదని కాదు.

ఇంకో మాట, ఇది మన రెండు జిల్లాల వాళ్ళకే. వాట్సాప్‌లో ఒక గ్రాఫు తిరుగుతోంది, "ప్రకాశంలో డెంగీ తగ్గుముఖం" అని. 2021 గీతనీ 2023 గీతనీ పక్కపక్కన పెట్టారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టారు గదా. చీరాల, పర్చూరు, అద్దంకి బాపట్లకి పోయాయి. కందుకూరు మీ నెల్లూరుకి వచ్చింది. మీ గూడూరు, వెంకటగిరి, సూళ్ళూరుపేట తిరుపతికి పోయాయి. అంటే ఒక గీత చీరాల ఉన్న ప్రకాశం, ఇంకోటి చీరాల లేని ప్రకాశం. నా క్లాసులో ఎవరన్నా ఈ గ్రాఫు గీసుకొస్తే సున్నా వేసి బెంచీ ఎక్కించేవాణ్ణి.

నైట్ డ్యూటీ | నవంబరు 8, రాత్రి 10:31

పిలకాయ గారూ, లెక్కలు తర్వాత. ముందు ఇది చదవండి. జ్వరం మొదలై ఈ రోజుకి ఐదో రోజు, జ్వరం దిగింది అంటున్నారు. డెంగీలో ప్రమాదం మొదలయ్యేది సరిగ్గా అక్కడే. జ్వరం ఉన్నన్నాళ్ళూ కాదు, దిగాక వచ్చే ఒకటి రెండు రోజులు. రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోతుంది, పైకి పిల్లాడు బాగానే కనపడతాడు.

కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలోనో ముక్కులోనో రక్తం, చేతులూ కాళ్ళూ చల్లబడటం, మగతగా పడుండటం, లేదా ఊరికే చిరాకు పడటం. వీటిల్లో ఏ ఒక్కటి కనపడినా తెల్లారేదాకా ఆగొద్దు. ఒంటికి ఎన్నిసార్లు పోశాడో లెక్కపెట్టండి. ఆరుగంటలు దాటి పోయకపోతే బయల్దేరండి. రేపు పొద్దున ఎలాగైనా సీబీపీ (రక్తకణాల లెక్క) చేయించండి, ప్లేట్‌లెట్లు ఒక్కటే కాదు, పీసీవీ (రక్తం ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె) కూడా చూడమనండి.

మూలాపేట పిలకాయ | నవంబరు 8, రాత్రి 10:36

డాక్టర్ గారూ, ఇప్పుడే పొయ్యి అడిగితే కడుపులో నొప్పి సాయంత్రం నుంచీ ఉందంట. అమ్మమ్మ వాము నీళ్ళు ఇచ్చిందంట. పోతా ఉండాం.

కావలి ల్యాబ్ | నవంబరు 9, ఉదయం 6:50

పిల్లోడు ఎట్టుండాడో చెప్పు తమ్ముడూ.

మాస్టారు చెప్పినదానికి నా బెంచీ మీద నుంచి ఒక మాట. బయట ల్యాబుల్లో చేసేది ఎక్కువ శాతం కార్డు టెస్టు. రెండు చుక్కలు వేస్తే పావుగంటలో గీత వస్తది. సర్కారు దాన్ని లెక్కలోకి తీసుకోదు. ఎలీసా అనే ల్యాబు పరీక్షలో పాజిటివ్ వస్తేనే డెంగీ అని రాస్తారు. అది సెంటినల్ ఆస్పత్రిలో చేస్తారు. అందుకే పేపర్లో పడే అంకెకీ మేం చూసేదానికీ పొంతన ఉండదు. దాచేస్తున్నారు అని కొందరు తిట్టుకుంటారు గానీ కార్డులో తప్పుడు పాజిటివ్‌లూ వస్తాయి, తప్పుడు నెగెటివ్‌లూ వస్తాయి. రెండువైపులా పోటు.

ఎప్పుడు చేయించామన్నది కూడా ముఖ్యం. మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్‌1 దొరుకుద్ది. ఆ తర్వాత అది మాయమైపోద్ది, ఐజీఎం అనే యాంటీబాడీ కోసం చూడాలి. ఏడో రోజు వచ్చి ఎన్‌ఎస్‌1 ఒక్కటే చేయించుకోని, నెగెటివ్ వచ్చిందని సంబరపడి పొయ్యేవాళ్ళు నాకు వారానికిద్దరన్నా తగులుతారు. పైగా ఈ వైరసు నలుగురికి సోకితే ముగ్గురికి ఏ బాధా తెలీకుండానే పోద్ది. వాళ్ళెవరూ మా దగ్గరకి రారు, వాళ్ళను కుట్టిన దోమ మాత్రం పక్కింటికి పోద్ది.

సైలెన్సర్ | నవంబరు 9, ఉదయం 7:15

లెక్కలు, కార్డులు సరే. అసలు సంగతి ఎవురూ మాట్లాడరే. మా ఊరి పేరెందుకులే గానీ, మా వీధి కాలవలో పూడిక తీసి రెండేళ్ళయింది. నల్లగా, జిగటగా, మూతి మీద గుడ్డేసుకోకుండా పోలేం. వారానికోసారి రావాల్సిన పొగబండి నెలకోసారి వస్తది, అదీ మెయిన్ రోడ్డు మీదే. పిలకాయలు దాని ఎనక పరిగెత్తుకుంటా పోతారు, దోమలు మా ఇంట్లోకి పరిగెత్తుకుంటా వస్తాయి. మురుగు ఉన్నన్నాళ్ళు డెంగీ పోదు. రాసి పెట్టుకోండి.

టార్చిలైటు అక్క | నవంబరు 9, మధ్యాహ్నం 1:20

సైలెన్సర్ తమ్ముడూ, కాలవ తీయించాల్సిందే, నేను కాదనను. కానీ నీ కాలవలో ఉండే దోమ వేరు, డెంగీ దోమ వేరు. నేను ఏఎన్‌ఎంని, పద్నాలుగేళ్ళుగా ఇంటింటికీ తిరుగుతున్నా. చెప్తా విను.

మురుగులో పెరిగేది క్యూలెక్స్. రాత్రి పూట చెవి దగ్గర గుయ్యిమంటదే, అది. బోదకాలు దాంతో వస్తది. మన వరి మళ్ళల్లో పెరిగేది దాని చుట్టమే, మెదడువాపు తెస్తది. నెల్లూరు దోమలు అని పేరుబడ్డవి ఈ జాతే. డెంగీ తెచ్చేది ఈడిస్. ఒళ్ళంతా నలుపు, కాళ్ళ మీద తెల్ల పట్టీలు. మురుగు దానికి పడదు. నువ్వు తాగడానికి పట్టిపెట్టుకునే లాంటి నీళ్ళు కావాలి దానికి. పగలు కుడుతది, పొద్దున పూట, మళ్ళీ సాయంత్రం పొద్దుగుంకే ముందు. చప్పుడు కూడా పెద్దగా చెయ్యదు, మడమల దగ్గరా మోచేతుల దగ్గరా కుట్టి పోతది. ఒక మనిషి దగ్గరే కడుపు నింపుకోదు, ఇద్దరు ముగ్గుర్ని కుడుతది. ఒకే ఇంట్లో వరసబెట్టి పడేది అందుకే.

పొగబండి సంగతి కూడా అంతే. పొగ తగిలినప్పుడు ఎగురుతున్న దోమ చస్తది. మంచం కిందా, తలుపు ఎనక తగిలించిన ప్యాంట్ల మధ్యా కూర్చున్న ఈడిస్‌కి వీధిలో పోయే పొగ ఏం చేస్తది? నీళ్ళల్లో ఉన్న పురుక్కి అసలే ఏం కాదు. మర్నాటికి కొత్త దోమ లేస్తది.

పోయిన శుక్రవారం డ్రైడే (నిలవ నీళ్ళు పారబోయించే రోజు) అని ఒక ఇంటికి పోయినా. కొత్త ఇల్లు, గచ్చు అద్దంలా ఉంది, ముగ్గు వేసి ఉంది. ఆ ఇంటామె "మా ఇంట్లో ఏముంటాయి మేడం, చూసుకోండి" అనింది. తొట్టి చూశా, కడిగి బోర్లించారు. పైన ట్యాంకుకి మూత ఉంది. ఇంక పోదామనుకుంటూ ఫ్రిజ్జు ముందుకి జరపమన్నా. ఎనకాల కింద ట్రే ఉంటది చూశావా, కరిగిన నీళ్ళు పడేది. టార్చి వేస్తే ముప్పయ్యో నలభయ్యో పురుగులు. వెలుగు పడంగానే అన్నీ ఒక్కసారి మెలికలు తిరుగుతా కిందికి దిగినాయి. ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోని అట్టా నిలబడిపోయింది. వాళ్ళ చిన్నపిల్ల రెండ్రోజుల నుంచీ జరంతో ఉంది.

ఇంకా ఎక్కడెక్కడ దొరుకుతాయంటే, పెరట్లో మూలకేసిన పాత రుబ్బురోలు గుంటలో. తాగి పారేసిన కొబ్బరి బొండాంలో. మిద్దె మీద టైర్లలో. మనీప్లాంటు సీసాలో. కూలర్లో. మేం లెక్కవేసే పద్ధతి కూడా ఇదే: నూరిళ్ళు చూస్తే ఎన్నింట్లో పురుగు దొరికింది, ఆ నూరిళ్ళలో మొత్తం ఎన్ని పాత్రల్లో దొరికింది. కాలవల లెక్క ఇందులో లేనే లేదు.

సైలెన్సర్ | నవంబరు 9, మధ్యాహ్నం 1:42

అక్కా, ఇప్పుడే ఫ్రిజ్జు జరిపినా. ఏమీ మాట్లాడను.

(కానీ కాలవ కంపు మాత్రం కంపే.)

కనిగిరి డ్రమ్ము | నవంబరు 9, మధ్యాహ్నం 3:05

అందరూ వాన, వాన అంటన్నారు. మా పడమటి వైపు వానే లేని ఏడు కూడా డెంగీ వచ్చింది, దానికేమంటారు? కనిగిరి, పామూరు, మార్కాపురం, ఎర్రగొండపాలెం వైపు మాది ఫ్లోరైడ్ నీళ్ళు. బోరు నీళ్ళు తాగితే పళ్ళు పచ్చబడతయ్, నడుం వంగుద్ది. వెలిగొండ ప్రాజెక్టు పూర్తయితే నీళ్ళొస్తయ్ అని మా నాయన కాలం నుంచీ ఎదురు చూస్తానే ఉన్నాం. కొళాయి ఎప్పుడొచ్చుద్దో తెలీదు, ఎండాకాలం ట్యాంకరే గతి. ట్యాంకరు వచ్చిన్నాడు ఇంట్లో ఉన్న డ్రమ్ములు, బిందెలు, గాబులు, ఆఖరికి పెళ్ళికి తెచ్చిన గుండిగతో సహా నింపుకుంటాం. ఇంటికి రెండు మూడు నీలం డ్రమ్ములు. కరువూళ్ళో నీళ్ళు పారబోయమంటే ఎట్టా పారబోస్తాం?

టార్చిలైటు అక్క | నవంబరు 9, మధ్యాహ్నం 3:30

నువ్వు అడిగింది అసలైన ప్రశ్న తమ్ముడూ. నేను మెట్టూళ్ళల్లో చేసినప్పుడు ఇదే బాధ. "డ్రైడే" అని మైకులో చెప్పుకుంటూ పోతే ఒక ముసలామె "నువ్వు నీళ్ళు తెచ్చియ్యి, నేను డ్రై చేస్తా" అనింది. ఏం చెప్తాం.

నీళ్ళు పారబొయ్యొద్దు. ఈడిస్ గుడ్డు నీళ్ళల్లో పెట్టదు, నీటి గీతకి కొంచెం పైన, డ్రమ్ము గోడ తడి మీద అంటిస్తది. మసి పూసినట్టు చిన్న చిన్న చుక్కలు. నీళ్ళు వాడుకున్నాక డ్రమ్ము ఎండినా ఆ గుడ్డు చావదు, ఎనిమిది నెలల దాకా అట్టనే ఉంటది. మళ్ళీ ట్యాంకరు వచ్చి నీళ్ళు ఆ గీత దాటంగానే పిల్లవుతది. అక్కడి నుంచి రెక్కలు రావడానికి వారం పది రోజులు. అంటే నువ్వు డ్రమ్ము బోర్లించి ఎండబెట్టినా సగం పనే.

ఖాళీ అయిన్నాడు కొబ్బరి పీచుతోనో గట్టి బ్రష్షుతోనో లోపలి గోడలు పైనుంచి కిందిదాకా రుద్ది, ఆ రుద్దిన నీళ్ళు మట్టిలో పొయ్యి. నింపినాక పాత చీర ముక్క కట్టి రబ్బరు ట్యూబు బిగించు. మూత ఉందిగా అంటారు, డ్రమ్ము మూత వంకరపోయి వేలెడు సందు ఉంటది, దోమకి అది సింహద్వారం. వాడుక నీళ్ళయితే మా వాళ్ళనడిగి పురుగుని చంపే అబేట్ మందు వేయించుకో.

ఒంగోలు లెక్కల మాస్టారు | నవంబరు 9, సాయంత్రం 4:10

కనిగిరి అబ్బాయి అన్నది పట్టుకుంటే నాకు 2006 గుర్తొచ్చింది. ఆ ఏడు చికున్‌గున్యా. దేశం మొత్తం మీద దాదాపు 14 లక్షల మందికి వచ్చిందని లెక్క, మన రాష్ట్రం గట్టిగా దెబ్బతిన్నది. నేను అప్పుడు పొదిలి వైపు పనిచేస్తున్నా. మా స్టాఫ్‌రూములో సగంమంది కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకుని లేచేవాళ్ళు. డ్రిల్లు మాస్టారు చాక్‌పీస్ పట్టుకోలేకపోయాడు. అదీ ఇదే ఈడిస్ దోమే. అంటే డెంగీ పేరు మనం వినకముందే ఆ దోమ మన డ్రమ్ముల్లో కాపురం పెట్టేసింది. తర్వాత వైరసు వచ్చి చేరింది. దేశానికి డెంగీ కొత్తదేమీ కాదు, కలకత్తాలో 1963లో పెద్ద ఎత్తున వచ్చింది, ఢిల్లీలో 1996లో 10,252 కేసులు, 423 చావులు. అప్పట్లో మహానగరాల జబ్బు. ఇప్పుడు ప్లాస్టిక్ డ్రమ్ము ఎక్కడికి పోతే అక్కడికి పోతోంది.

ఇంక పిలకాయ రెండో ప్రశ్న. తెలంగాణకి వానలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా. నెల్లూరుకి ఏడాది వానలో సగానికి పైగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, ఈశాన్య రుతుపవనాల్లో. వాళ్ళ పాత్రలు శ్రావణంలో నిండితే మీవి కార్తీకంలో నిండుతాయి. మే నెల ఎండలకి ఈడిస్ కూడా తట్టుకోలేదు, 35 దాటితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. అక్టోబరు, నవంబరులో చల్లబడి చెమ్మ తగిలేసరికి దానికి పండగ.

రొయ్యలన్న (ఇందుకూరుపేట) | నవంబరు 9, సాయంత్రం 5:45

వరద వస్తే డెంగీ వస్తదని అందరూ అంటారు. 2021 నవంబర్లో పెన్న పొంగినప్పుడు సోమశిల నుంచి ఐదు లక్షల క్యూసెక్కుల పైన వదిలారు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయినాయి, హైవే తెగింది. మా గుంటలు యేట్లో కలిసిపోయినాయి, అది వేరే కథ. నేను చూసింది ఏందంటే, నీళ్ళు పారినన్నాళ్ళు దోమ లేదు. అంత ఉధృతిలో పురుగు నిలవదు. నీళ్ళు తీసినాక మొదలైంది. కొట్టుకొచ్చిన డబ్బాలు, పగిలిన కుండలు, థర్మాకోలు పెట్టెలు, ముళ్ళకంపలో ఇరుక్కున్న టార్పాలిన్ మడతలు, అన్నింట్లో తేట నీళ్ళు. రెండు వారాలకి ఇంటికొకరు జరంతో పడ్డారు.

మాది చేపల బతుకు గాబట్టి ఒకటి చెప్తా. ఇంటి ఎనక ఉతుకుడు తొట్టిలో నాలుగు గప్పీ చేపలు వదిలినా. రెండేళ్ళయింది, ఒక్క పురుగు కనపడలే. సర్కారోళ్ళు గంబూజియా ఇస్తారు, అది ఇంకా ఆకలిగొట్టు, రోజుకి నూరు పైన మింగుతది. అయితే దాన్ని చెరువులో మాత్రం వదలబాకండి. ఊరి చేపల గుడ్లు, పిల్లలు కూడా తినేస్తది. తొట్టిదాకే.

ఉదయగిరి దుర్గం | నవంబరు 9, రాత్రి 7:30

బొప్పాయి ఆకు రసం తాగిస్తే ప్లేట్‌లెట్లు రాత్రికి రాత్రి పెరుగుతాయి. మా బాబాయికి 40 వేలు ఉంటే మూడు రోజుల్లో లక్షన్నర. కళ్ళారా చూశా. ఇంగ్లీషు డాక్టర్లు ఒప్పుకోరు, వాళ్ళ వ్యాపారం పోద్ది కదా.

నైట్ డ్యూటీ | నవంబరు 9, రాత్రి 8:15

దుర్గం గారూ, ఆ మూడు రోజుల్లో మంచినీళ్ళు తాగించినా పెరిగేవి. డెంగీలో ప్లేట్‌లెట్లు ఐదారు రోజుల దాకా పడి, వాటంతట అవే లేస్తాయి. ఎవరు ఏ రసం ఇచ్చినా సరిగ్గా అవి లేచే రోజుకి అందుకుంటారు, పేరు రసానికి వస్తుంది. చిన్నచిన్న పరిశీలనలు ఉన్నాయి గానీ దాంతో ప్రాణం నిలబడుతుందని గట్టిగా తేలలేదు. వాంతులతో ఉన్న పిల్లకి ఆ చేదు పోస్తే ఉన్న నీరు కూడా బయటికి వస్తుంది, అదే నా భయం.

అసలు మన జనానికి ప్లేట్‌లెట్ల పిచ్చి పట్టింది. చంపేది ప్లేట్‌లెట్లు తగ్గడం కాదు, నీరు కారిపోయి బీపీ పడిపోవడం. అది పీసీవీలో తెలుస్తుంది. మొదట్లో 36 ఉన్నది 43, 44కి పోయిందంటే రక్తం చిక్కబడుతోందని. రక్తం కారకుండా ఉంటే ప్లేట్‌లెట్లు పదివేల కిందికి పోతే తప్ప ఎక్కించాల్సిన పని ఉండదు. సెలైన్ కూడా లెక్కగా ఇవ్వాలి, కారిన నీరు రెండ్రోజుల్లో మళ్ళీ నాళాల్లోకి వచ్చేటప్పుడు ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో చేరుతుంది. జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే. ఒళ్ళు నొప్పులని డైక్లోఫెనాక్ ఇంజెక్షన్, బ్రూఫెన్, ఆస్పిరిన్ వద్దే వద్దు, రక్తస్రావం ఎక్కువవుతుంది. ఊళ్ళల్లో జ్వరం అనంగానే ఆ సూది వేయించుకునే అలవాటు మానండి.

స్టోన్‌హౌస్‌పేట అమ్మ | నవంబరు 9, రాత్రి 9:00

ఈ మాట మూడేళ్ళ ముందు తెలిసుంటే బాగుండేది డాక్టరు గారూ. మా అమ్మాయికి వచ్చినప్పుడు ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్పించాం, పేరు చెప్పను. 52 వేలు ఉంటేనే "పడిపోతున్నాయమ్మా, మీ ఇష్టం" అన్నారు. ఆ "మీ ఇష్టం" అనే మాట విన్నాక ఏ తల్లి ఆగుద్ది? మా ఆయన బండేసుకోని అర్ధరాత్రి బ్లడ్‌బ్యాంకుల చుట్టూ తిరిగాడు. నాలుగు ప్యాకెట్లు ఎక్కించారు. నా చేతి గాజులు రెండు పొయ్యాయి. రోజుకు మూడుసార్లు కౌంటు, పొద్దున ఎంత, సాయంత్రం ఎంత అని క్రికెట్ స్కోరు అడిగినట్టు చుట్టాలంతా ఫోన్లు. పీసీవీ అనే మాట ఒక్కరూ అనలేదు, ఇప్పుడు ఆ పాత రిపోర్టులు తీసి చూస్తే 37, 37, 38. అంటే ఏమీ కారలేదన్నమాట.

నైట్ డ్యూటీ | నవంబరు 9, రాత్రి 9:20

అవునమ్మా, ఆ అంకెలు చూస్తే నాకూ అలాగే అనిపిస్తోంది. ఆ రోజు మంచం పక్కన ఉన్నవాణ్ణి కాదు కాబట్టి ఇంతకన్నా అనలేను. రిపోర్టులు పారేయకండి. అమ్మాయికి మళ్ళీ ఎప్పుడన్నా జ్వరం వస్తే అవి డాక్టరుకి చూపించండి, ఒకసారి డెంగీ వచ్చిందని తప్పకుండా చెప్పండి.

డెంగీ వైరసులో నాలుగు రకాలు ఉన్నాయి, డెన్‌–1 నుంచి డెన్‌–4 దాకా. ఒకటి వచ్చిపోతే ఆ రకం మళ్ళీ రాదు. మిగతా మూడూ రావచ్చు. రెండోసారి వేరే రకం వస్తే, మొదటిసారి తయారైన యాంటీబాడీలే కొత్త వైరసుకి తలుపు తీసి లోపలికి పంపే ప్రమాదం ఉంది. అందుకే రెండోసారి ఎక్కువ జాగ్రత్త. కొన్నేళ్ళు తేలిగ్గా పోయి ఒక ఏడు విరుచుకుపడటానికి కూడా ఇదొక కారణం, ఊళ్ళో తిరిగే రకం మారితే అందరూ దానికి కొత్తవాళ్ళే.

కావలి ల్యాబ్ | నవంబరు 10, ఉదయం 8:05

టీకా సంగతి ఏంది డాక్టరు గారూ? పిల్లలున్నోళ్ళు రోజూ అడుగుతా ఉండారు.

నైట్ డ్యూటీ | నవంబరు 10, ఉదయం 8:40

మన దేశంలో ఇంకా బజారుకి రాలేదు. కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్, పనేషియా బయోటెక్ కంపెనీ కలిసి డెంగీఆల్ అనే టీకాకి మూడో దశ ప్రయోగం 2024 ఆగస్టులో మొదలుపెట్టాయి. 19 చోట్ల పదివేల మంది పైన. ఒక్క డోసు. నాలుగు రకాల మీదా సమానంగా పనిచెయ్యాలి కాబట్టి ఇది మామూలు టీకా కన్నా చిక్కు. టీకా కాకుండా ఇంకో దారి కూడా ఉంది: వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఎక్కించిన దోమలు వదిలితే వాటిల్లో వైరసు సరిగా పెరగదు. ఇండోనేషియాలోని యోగ్యకర్తలో అలా చేసిన పేటల్లో డెంగీ 77 శాతం తగ్గింది. మన పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ దోమల పరిశోధన కేంద్రం కూడా అలాంటి దోమల్ని తయారుచేసింది. ఊళ్ళోకి వదలడం ఇంకా దూరం.

సైలెన్సర్ | నవంబరు 10, ఉదయం 8:52

నెల్లూరుకి దోమలు ఎగుమతి చేస్తారా! దీనికన్నా కొండకి కొబ్బరికాయలు మొయ్యొచ్చు.

మూలాపేట పిలకాయ | నవంబరు 11, రాత్రి 8:30

అందరికీ దండాలు. మొన్న శుక్రవారం రాత్రి పోయేసరికి పీసీవీ 44. బుధవారం 37 ఉన్నింది. చేతులు చల్లగా ఉండాయి, నాడి సన్నగా ఉంది అన్నారు. వెంటనే సెలైన్ పెట్టారు, గంట గంటకీ చూశారు. ప్లేట్‌లెట్లు 31 వేలకి పోయినాయి, అయినా ఎక్కించలేదు, అవసరం లేదన్నారు. మా బావ గొడవ పెట్టుకోబోతే ఈ పేజీ చూపించి కూర్చోబెట్టినా. ఈ పొద్దు పీసీవీ 38, మధ్యాహ్నం మజ్జిగన్నం తిన్నాడు. అరచేతులూ అరికాళ్ళూ దురద అని గోకుతా ఉండాడు.

నైట్ డ్యూటీ | నవంబరు 11, రాత్రి 8:44

ఆ దురద చూస్తే మాకు సంతోషం. కోలుకుంటున్నాడని గుర్తు.

మూలాపేట పిలకాయ | నవంబరు 11, రాత్రి 9:10

టార్చిలైటు అక్కా, నీ మాట విని మా మూడిళ్ళూ తిరిగినా. మా ఇంట్లో ఏం దొరకలా. టైలరన్న ఇంట్లో దొరకలా. ఎదురింటావిడ మిద్దె మీదకి పోతే వినాయకచవితికి నీళ్ళు పెట్టిన ప్లాస్టిక్ టబ్బు, నిమజ్జనం చేసి అట్టనే వదిలేశారు. మట్టి అడుగుకి పేరుకోని, పైన తేట నీళ్ళు. టార్చి వేస్తే నువ్వు చెప్పినట్టే, అన్నీ ఒక్కసారి కిందికి దిగినాయి. దానికీ మా వాడి ట్యూషన్‌కీ మధ్య ఒక ప్రహరీ గోడే. సాయంత్రం ఐదింటికి ఆ గోడ పక్కనే చాప మీద కూర్చుంటారు పిలకాయలంతా.

టార్చిలైటు అక్క | నవంబరు 11, రాత్రి 9:25

ట్యూషన్‌కి వచ్చే పిల్లలెవరికన్నా జరం ఉందేమో రేపే కనుక్కో. మీ వార్డు ఆశాకి చెప్పు, చుట్టుపక్కల యాభై ఇళ్ళన్నా చూడాలి. ఈడిస్ పెద్దగా దూరం పోదు, మూడు నాలుగు వందల మీటర్లు. టబ్బు బోర్లించి వదిలేశారా, రుద్దారా?

మూలాపేట పిలకాయ | నవంబరు 11, రాత్రి 9:27

బోర్లించాం అంతే. రుద్దలా. పొద్దున్నే పోతా.

కనిగిరి డ్రమ్ము | నవంబరు 12, ఉదయం 6:15

అక్కా, మా ఆవిడ నిన్న రెండు డ్రమ్ములు ఖాళీ చేసి కొబ్బరి పీచుతో రుద్దింది. పీచు నల్లగా అయింది. అది మసో, గుడ్లో తెలీలా, కంపచెట్ల కింద మట్టిలో పోసేశాం. మూడో డ్రమ్ములో ఇంకా పావు వంతు తాగే నీళ్ళున్నయ్, దాన్ని ఏం చెయ్యాల్నో చెప్పు. ట్యాంకరు హారన్ వినపడతంది. పోతన్నా, చీర ముక్కలు వెతకాలి.